కడప బండల్ని పగలగొట్టించకండి

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేటలో 22 ఏళ్ల నాటి సొంత ఇల్లు. నలుగురం ఉంటాం. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 85 వేలు. ఇంటి ఖర్చు 50 వేలు, మ్యూచువల్ ఫండ్లకు 15 వేలు పోగా 20 వేలు మిగులుతాయి. వచ్చే నెల, ఫిబ్రవరిలో గడువు తీరే 5 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ తప్ప వేరే నిల్వ లేదు. వంటగది మార్పించుకోవాలని ఫోనులో రెండు వందల ఫొటోలు దాచుకున్నాను. మాడ్యులర్ కిచెన్ దుకాణం వారు 4.80 లక్షలు అవుతుందన్నారు. అందులో 3 లక్షలు 14 శాతం వడ్డీకి, మూడేళ్ల గడువుతో అప్పు ఇప్పిస్తామంటున్నారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దు. ఆ అప్పుకు నెలకు సుమారు 10,250 కట్టాలి. అంటే మీకు మిగిలే ఇరవై వేలలో సగం పోతుంది. మూడేళ్లలో వడ్డీయే 69 వేలు. మరమ్మతు అప్పుకు పన్ను మినహాయింపు ఉంటుందని మీకు చెప్పే ఉంటారు. మీరు ఉంటున్న ఇంటికి అది పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది, అదీ ఏడాదికి 30 వేల వడ్డీ వరకే. 20 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి మిగిలేది 6,240. మొదటి ఏడాది మీరు కట్టే వడ్డీ 36 వేల పైచిలుకు. లెక్క మీరే చూసుకోండి.

డిపాజిట్‌లో 3 లక్షలు మీ ఆరు నెలల ఇంటి ఖర్చు. దాన్ని ముట్టుకోకుండా మళ్లీ బ్యాంకులోనే వేయండి. వంటగదికి ఇప్పుడు మీ దగ్గరున్నది 2 లక్షలే.

ఇక ఆ రెండు వందల ఫొటోలు. అవన్నీ ఎవరూ పోపు పెట్టని వంటగదులు. వాటిని పక్కనపెట్టి, ఐదేళ్ల క్రితం మాడ్యులర్ చేయించుకున్న బంధువుల ఇంటికి వెళ్లండి. కాఫీ తాగాక, వాళ్లు ఏమీ అనుకోకపోతే, సింకు కింద తలుపు తీసి అడుగు చెక్కను బొటనవేలితో నొక్కండి. అది పార్టికిల్ బోర్డు, అంటే చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక అయి, తడి పీల్చి ఉంటే అంచులు ఉబ్బి, టీలో ముంచిన రస్కులా నలుగుతుంది. ఏ షోరూమూ మీకు ఇది చూపించదు.

మీ ఇంటి వయసును బట్టి గట్టు కింద కడప బండల అరలు ఉండే ఉంటాయి. కొటేషన్‌లో మొదటి పద్దు వాటిని పగలగొట్టడమే అయి ఉంటుంది. ఒప్పుకోకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. నీళ్లు తీశాక అక్కడ నా క్లయింటు ఒకరి ఇంటికి వెళ్లాను. కొత్త వంటగది చెక్క అరలన్నీ వీధిలో కుప్పగా పడి ఉన్నాయి. వెనక పాత వంటింట్లో మాత్రం ఆవిడ బండల మీది బురద కడిగేసి బియ్యం డబ్బా పెట్టేసుకున్నారు. బ్రాడీపేటకు బుడమేరు రాదు. సింకు పైపు కారడం ఏ పేటకైనా వస్తుంది. బండలు అలాగే ఉంచి వాటి ముందు వైపున తలుపులు బిగిస్తే చాలు. ప్లైవుడ్ వాడక తప్పని చోట షీటు మీద ఐఎస్ 710 ముద్ర (తడిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు వేసేది) ఉందో లేదో, పైన లామినేట్ అతికించక ముందే చూడండి.

2 లక్షలతో మొదట గోడలోపలి పని చేయించండి. తుప్పు పట్టిన జీఐ (జింకు పూత ఇనుప) పైపులు, మురుగు గొట్టం, గ్రైండరుకూ మైక్రోవేవ్‌కూ విడి కరెంటు లైను, చిమ్నీ గొట్టానికి రంధ్రం, తర్వాత గట్టు మీద గ్రానైటు. ఇందులో 1.70 లక్షలకే పని ఒప్పుకోండి. 30 వేలు చేతిలో ఉంచండి. పాత గోడ కొడితే ఏం బయటపడుతుందో మేస్త్రీకి కూడా తెలియదు. వాస్తు కోసం పొయ్యిని ఆగ్నేయానికి జరపమంటే జరపండి, పెద్ద ఖర్చు కాదు. సింకును జరపమంటే మాత్రం నేల తవ్వాలి, మురుగుకు వాలు మళ్లీ కుదర్చాలి. ఆ ఖర్చు విడిగా రాయించుకుని అప్పుడు ఆలోచించండి.

పైఅల్మారాలు, తలుపులు దసరాకు. మార్చి నుంచి నెలకు 20 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే అక్టోబరుకు 1.60 లక్షలు, పైన కొంత వడ్డీ. మొత్తం 3.60 లక్షల్లో అప్పు లేకుండా పని అయిపోతుంది. అద్దంలా మెరిసే తలుపులు ఈ లెక్కలో రావు, మామూలు లామినేట్ వస్తుంది. మే నెలలో మీరు ఆవకాయ కలుపుతారు కదా, ఆ జాడీ ఎత్తు మూతతో సహా కొలిచి వడ్రంగికి ఇవ్వండి. ఫొటోల్లోంచి రంగు ఒక్కటి ఎంచుకోండి.

డబ్బు విడతలుగా ఇవ్వండి: అడ్వాన్సు 30 శాతం, సరుకు ఇంటికి చేరాక 30, బిగించాక 30, నెల రోజులు వండుకున్నాక మిగిలిన 10. బిల్లు వద్దంటే 18 శాతం జీఎస్టీ తగ్గిస్తామంటారు. ఒప్పుకుంటే రేపు పని చెడినప్పుడు అడగడానికి కాగితం ఉండదు. పైగా ఇల్లు అమ్మిన రోజు, ఇంటికి శాశ్వతంగా కలిసిపోయే పనుల ఖర్చును కొన్న ధరకు కలిపి లాభం మీద పన్ను తగ్గించుకోవడానికి ఆ బిల్లులే ఆధారం.

పని సాగే మూడు వారాలు కర్రీ పాయింటే గతి. నలుగురికి పూటకు 200 వేసుకున్నా రెండు పూటలా 21 రోజులకు 8,400. దాన్ని ఆ 30 వేల నుంచి తీయకండి, ఫిబ్రవరి జీతంలో మిగిలే 20 వేల నుంచి పెట్టండి.