కారు సంగతులు: వెనక చక్రం మీద మళ్ళీ మళ్ళీ తుప్పు ఎందుకు?

ప్రశ్న: నా దగ్గర 2001 నాటి మాజ్డా ఎంఎక్స్-5 ఉంది, కప్పు మడిచే రెండు సీట్ల కారు, రెండో తరం ఎన్‌బీ మోడల్. వెనక వీల్ ఆర్చుల (చక్రాల పైన వంపు తిరిగే రేకుల) అంచున పెయింటు పొంగితే నాలుగేళ్ల కిందట బాగు చేయించాను. రెండు చలికాలాలు గడిచేసరికి అక్కడే పొక్కులు లేచాయి. గీకించి, పుట్టీ పెట్టించి, రంగు వేయించాను. ఈ మార్చిలో మళ్ళీ మొదలైంది. "పాత కారు కదా, అంతే" అంటున్నారు పని చేసినవాళ్లు. నిజంగా అంతేనా?
— ఒక పాఠకుడు, లెస్టర్, ఇంగ్లండ్

జవాబు: అంతే కాదండీ. మీ కారుకు తుప్పు లోపలి నుంచి వస్తోంది. రెండుసార్లూ వైద్యం బయటే జరిగింది. పెయింటు మీద పొక్కు కనిపించేనాటికి దాని వెనక రేకు చాలావరకు పోయి ఉంటుంది. మీరు చూస్తున్నది తుప్పు మొదలు కాదు, చివర.

చక్రం పక్కన కూర్చుని ఆర్చ్ అంచు లోపలికి వేలు పోనిచ్చి చూడండి. పంచె అంచు మడిచి కుట్టినట్టు బయటి రేకు, లోపలి రేకు అక్కడ కలుస్తాయి. వాటిని పట్టి ఉంచేవి స్పాట్ వెల్డులు, అంటే చుక్కలు చుక్కలుగా వేసిన అతుకులు. వెల్డుకీ వెల్డుకీ మధ్య వెంట్రుకవాసి సందు. చక్రం విసిరే బురద ఆ మడత మీద మెట్టులా పేరుకుంటుంది. బ్రిటన్‌లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి అది ఉప్పు బురద. వానలు లేని రోజుల్లో కూడా ఆ ముద్ద చెమ్మగానే ఉంటుంది. ఆ చెమ్మే సందులోకి ఇంకి రెండు రేకుల్నీ లోపల్లోపల తింటుంది.

ఇది సగం కథే. మిగతా సగం టాప్ నుంచి దిగే నీళ్లది. సాఫ్ట్ టాప్ (మడిచే గుడ్డ కప్పు) మీద పడిన వాన సీట్ల వెనక, సీటు బెల్టు గూళ్ల దగ్గరున్న రెండు డ్రెయిన్ రంధ్రాల్లోకి దిగి, గొట్టాల గుండా వెనక చక్రాలకు కాస్త ముందు కారు కిందకు పడాలి. ఆకులు, దుమ్ము, టాప్ గుడ్డ పోగులు చేరి అవి మూసుకుపోతే నీళ్లు పొంగి కార్పెట్ కిందకూ, సిల్ లోపలికీ చేరతాయి. సిల్ అంటే తలుపు కింద పొడవునా సాగే ఇనుప పెట్టె. దాని వెనక కొస, ఆర్చ్ ముందు కొస ఒకే చోట కలుస్తాయి. తుప్పు ఎప్పుడూ ఆ మూలలోనే ముదరడానికి కారణం ఇదే.

కాబట్టి ముందు నీళ్ల సంగతి చూడండి. ఒక్కో డ్రెయిన్‌లో అర లీటరు నీళ్లు నెమ్మదిగా పోయండి. అవి వెంటనే కింద ధారగా పడాలి. చుక్కలు చుక్కలుగా కారినా, అసలు రాకపోయినా దారి మూసుకున్నట్టే. గడ్డి కోసే యంత్రంలో వాడే నైలాన్ తీగ, 2 నుంచి 3 మిల్లీమీటర్లది, పై నుంచి మెల్లగా తిప్పుతూ దించండి. ఇనుప చువ్వ గానీ గట్టి గాలి పీడనం గానీ వద్దు. గొట్టం ఊడితే అప్పటి నుంచి నీళ్లన్నీ నేరుగా సిల్‌లోకే పోతాయి. ఈ పని చేయకుండా ఆర్చ్ మార్పించడం కారుతున్న చూరు కింద గోడకు సున్నం వేసినట్టే.

తర్వాత రేకు పని. పొక్కు ఉన్నంత మేర కాదు, దానికి 25, 30 మిల్లీమీటర్లు అవతలి దాకా పెయింటు తీసి చూడాలి. రేకు వెండిలా మెరిసే చోటు వరకూ కోయాలి. నల్ల చుక్కలు మిగిలాయంటే తుప్పు గుంటల్లో ఇంకా ఉందన్నమాట. బయటి రేకు కోశాక లోపలి రేకు బయటపడుతుంది. చాలామంది దాన్ని చూసి కూడా వదిలేస్తారు. అసలు జబ్బు అక్కడే ఉంది. లోపలి అంచు చిల్లులు పడితే ముందు దానికి కొత్త ముక్క వేసి, ఆ తర్వాతే బయటి ప్యానెల్ పెట్టాలి. తుప్పు తిన్న అంచుకు కొత్త ఆర్చ్ అతికిస్తే వెల్డు నిలవదు, సందు మూసుకోదు.

కొత్త ముక్కను పాత రేకు మీద ఎక్కించి అతికితే వెనక వైపు ఒక గట్టు మిగిలి నీళ్లు పట్టుకుంటుంది. అంచుకు అంచు ఆనించి, మధ్య ఒక మిల్లీమీటరు లోపు సందు ఉంచి కలపడం మేలు. రేకు పలచన గనుక మిగ్ వెల్డర్‌లో (తీగను కరిగించి అతికే యంత్రంలో) 0.6 మిల్లీమీటర్ల తీగ వాడాలి. ఒకే బిగిన సాగదీస్తే వేడికి ప్యానెల్ అలలు తిరుగుతుంది. 25 మిల్లీమీటర్లకో వెల్డు చుక్క పెట్టి, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి మార్చి మార్చి నింపుతూ, చేత్తో తాకగలిగేంత చల్లారాక ముందుకు పోవాలి. కింది మడతకైతే బయటి రేకు అంచులో 6 మిల్లీమీటర్ల రంధ్రాలు, 30, 40 మిల్లీమీటర్లకొకటి చొప్పున వేసి, వాటి గుండా లోపలి రేకుకు అతకాలి. కలిపే ముందు రెండు రేకుల ఎదురెదురు ముఖాలకూ వెల్డింగుకు ముందు వేసే జింకు ప్రైమర్ పూయాలి. ఒకసారి మూశాక అక్కడికి బ్రష్ వెళ్లదు.

జాగ్రత్త ఒకటి: ఈ కారులో పెట్రోలు ట్యాంకు సీట్ల వెనకే ఉంది. పెట్రోలు పోసే గొట్టం ఎడమ ఆర్చ్ పక్కనే. బ్యాటరీ డిక్కీలో. బ్యాటరీ తీగలు విప్పి, లోపలి కార్పెట్, కుషన్ తీసి, గొట్టాన్ని పక్కకు తప్పించకుండా నిప్పురవ్వ రాల్చనివ్వకండి.

వెల్డు సాపు చేశాక రెండు భాగాల ఎపాక్సీ ప్రైమర్, రెండు పూతలు. అది ఆరాక మడత సందు పొడవునా సీమ్ సీలర్‌ను (అతుకు సందులు మూసే ముద్దను) వేలితో అదిమి నింపాలి. సీలర్ ప్రైమర్ మీదే వేయాలి, ఉత్త రేకు మీద కాదు. ఇక్కడ జరిగే పొరపాటు ఇంకోటుంది. తుప్పు మార్చే యాసిడ్ ద్రవం పూసి, కడగకుండా దాని మీదే ఎపాక్సీ వేస్తారు. యాసిడ్ మిగిలితే ఎపాక్సీ గట్టిపడదు, ఆరు నెలల్లో పొరలా లేస్తుంది. పుట్టీ అంటారా, గీతలు చదును చేయడానికి ఒకటి రెండు మిల్లీమీటర్లు వేసుకోవచ్చు. చిల్లు మూయడానికి వద్దే వద్దు. అది స్పాంజిలా చెమ్మ పీలుస్తుంది.

రంగు పూర్తిగా గట్టిపడ్డాకే కావిటీ వ్యాక్స్, అంటే రేకుల లోపలి బోలు భాగాల్లో చిమ్మే మైనం. ముందే కొడితే సందుల్లోంచి ఊరి, రంగు మీద చేప కళ్లలాంటి గుంటలు పడతాయి. వెల్డు వెనక వైపు ప్రైమర్ కాలిపోయి ఉత్త ఇనుము మిగిలి ఉంటుంది, దానికి రక్ష ఈ వ్యాక్సే. పొడవాటి గొట్టం, అన్ని వైపులకూ చిమ్మే ముక్కు ఉన్న డబ్బా తీసుకోండి. సిల్‌కూ ఆర్చ్‌కూ కలిపి పక్కకొక డబ్బా, అంటే రెండు చాలు. లోపల రెండు రోజులు బాగా ఆరాక, వెచ్చటి రోజున, డబ్బాను గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచి కొట్టండి. గొట్టాన్ని చివరిదాకా పంపి వెనక్కి లాగుతూ కొట్టాలి. కింది రంధ్రాల్లోంచి వ్యాక్స్ కారిందంటే అంచుకు చేరినట్టు. కారాక ఆ రంధ్రాలు మూసుకుపోకుండా పుల్లతో తెరవండి.

ప్రశ్న: నాదీ ఎంఎక్స్-5. నాకు వెల్డింగ్ రాదు. ఆర్చ్ అంచు దగ్గర చిటికెన వేలు పట్టేంత చిల్లు. ఫైబర్‌గ్లాస్ మ్యాట్ అంటించి రంగు వేస్తే ఎంఓటీ (బ్రిటన్‌లో ఏటా చేసే వాహన తనిఖీ) పాసవుతుందా?
— ఒక పాఠకురాలు, కార్డిఫ్

జవాబు: చిల్లు ఎక్కడుందన్నదే ముఖ్యం. సస్పెన్షన్, సీటు బెల్టు లాంటివి బిగించే చోట్లకు 30 సెంటీమీటర్ల లోపు భారం మోసే రేకు తుప్పుతో బలహీనపడితే ఫెయిల్. సిల్ అయితే సరేసరి. అలాంటి చోట ఫైబర్‌గ్లాస్‌ను మరమ్మతుగా ఒప్పుకోరు. అతుకు ముక్క అంచు చుట్టూ తెంపు లేకుండా వెల్డు ఉండాలి. ఎంఎక్స్-5లో బెల్టు గూళ్లు, ఆర్చ్, సిల్ దగ్గర దగ్గరగా ఉంటాయి, అందుకే "అంచే కదా" అనుకోకండి. నిజంగా బయటి అంచు మాత్రమే అయితే అందానికి సంబంధించినదే, కాకపోతే చీలి పదునుగా ఉండకూడదు. అక్కడ కూడా మ్యాట్ మా సలహా కాదు. వెనక తుప్పు కనబడకుండా పెరుగుతుంది, మూడేళ్లకు కోయాల్సిన రేకు రెట్టింపవుతుంది. ఇప్పటికి ఇంట్లో మీరు చేయగలిగినవి: డ్రెయిన్ శుభ్రం చేయడం, మడతలో బురద తీయడం, చిల్లు చుట్టూ ఆరబెట్టి వ్యాక్స్ కొట్టడం. వెల్డరు దొరికేదాకా అది తుప్పు వేగాన్ని తగ్గిస్తుంది. కాకపోతే వెల్డరుకు ఆ సంగతి ముందే చెప్పండి. వ్యాక్స్ మంట అంటుకుంటుంది, అతను శుభ్రంగా తుడిచాకే మొదలుపెట్టాలి.

ప్రశ్న: 2003 ఎంఎక్స్-5 కొనబోతున్నాను. కింద అంతా నల్లటి అండర్‌సీల్ (అడుగున కొట్టే రక్షణ పూత) కొత్తగా, చక్కగా ఉంది. మంచిదేనా?
— ఒక పాఠకుడు, రెడింగ్

జవాబు: అమ్మకానికి ముందు కొట్టిన కొత్త అండర్‌సీల్‌ను అనుమానించండి. మందపాటి రబ్బరు పూత గట్టిపడి పగిలితే వెనక నీళ్లు నిలుస్తాయి. స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో సిల్ వెనక కొస, ఆర్చ్ ముందు మూల తట్టండి. మంచి రేకు ఖంగుమంటుంది, పుట్టీ ఉంటే బద్దగా మోగుతుంది. పలచని గుడ్డలో చుట్టిన అయస్కాంతం ఆర్చ్ చుట్టూ జరిపితే ఎక్కడ జారిపోతుందో తెలుస్తుంది. బానెట్ కింద ముందు ఛాసిస్ రైళ్లు (కారు ముందు భాగాన్ని మోసే ఇనుప దూలాలు) కూడా చూడండి, ఎన్‌బీలో అవి లోపలి పొరల మధ్య తుప్పు పడతాయి. ఆర్చ్ కన్నా ఆ పనికి ఖర్చెక్కువ. చివరగా సీట్ల వెనక కార్పెట్ ఎత్తి చేయి పెట్టండి. తడిగా తగిలితే డ్రెయిన్లు మూసుకున్నాయని లెక్క, బేరం అక్కడి నుంచి మొదలుపెట్టండి.