ఓడలో ఖర్చులకు చీటీ పాడుకోవాలా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ఇంకో నాలుగు నెలల్లో నేను, మావారు, 13 ఏళ్ల బాబు, 62 ఏళ్ల మా అత్తమ్మ సింగపూర్ నుంచి 4 రాత్రుల క్రూయిజ్‌కు వెళ్తున్నాం. టికెట్లు, విమానం, వీసా డబ్బులు ఏజెంటుకు కట్టేశాం. మధ్యలో ఒక రోజంతా ఓడ ఎక్కడా ఆగదట. వెళ్లొచ్చిన బంధువులు, ‘ఆ ఒక్కరోజే చేతిచమురు బాగా వదులుతుంది, 80 వేలు పెట్టుకోండి’ అంటున్నారు. 2 లక్షల చీటీ ఒకటి కడుతున్నాం. ఇప్పుడు పాట 40 వేలకు పోతోంది. అది పాడుకోవాలా, క్రెడిట్ కార్డుతో ఖర్చుపెట్టి ఈఎంఐగా మార్చుకోవాలా?

జవాబు: రెండూ వద్దమ్మా. మీకు కావాల్సింది 80 వేలు కాదు, 43 వేలు. నెలకు 11 వేల చొప్పున నాలుగు నెలలు వేరే సేవింగ్స్ ఖాతాలో వేస్తే సరిపోతుంది. చాలా బ్యాంకుల్లో ఆర్‌డీకి (నెలనెలా కట్టే డిపాజిట్‌కు) కనీసం 6 నెలల గడువుంటుంది కాబట్టి దాని జోలికి పోవద్దు.

చీటీ ఇప్పుడు పాడుకుంటే చేతికొచ్చేది లక్షా 60 వేలు. డివిడెండు రూపంలో కొద్దిగా వెనక్కి వచ్చినా, 43 వేల అవసరం కోసం దాదాపు అంతే సొమ్ము వదులుకున్నట్టు. పైగా జామీనుదారుల కోసం తిరగాలి. ఈఎంఐ దానికంటే నయమే. 80 వేలకు 15 శాతం చొప్పున 6 నెలలకు వడ్డీ సుమారు 3,500, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు అదనం. కానీ ‘తర్వాత కట్టుకుందాంలే’ అనే ధైర్యంతో ఓడెక్కడమే అసలు ప్రమాదం.

ఓడ రేవులో ఉన్నంతసేపూ అక్కడి పన్ను, జూదం నిబంధనల వల్ల డ్యూటీఫ్రీ షాపులు, క్యాసినో సాధారణంగా మూసి ఉంటాయి. జనం కూడా ఊరు చూడ్డానికి దిగిపోతారు. నడిసముద్రంలో అలా కాదు, అన్నీ తెరుస్తారు, దిగి పోవడానికి చోటుండదు. నోటు తీసే పని కూడా లేదు. గది తాళంగా ఇచ్చే కార్డునే ఎక్కడ చూపినా బిల్లు మీ ఖాతాలో పడిపోతుంది. కాబట్టి మీ బంధువులు చెప్పిన మాట అబద్ధమేమీ కాదు.

అమెరికా డాలరు 90 రూపాయల చొప్పున లెక్క వేద్దాం, వెళ్లేముందు ఆనాటి రేటుతో మళ్లీ చూసుకోండి. అన్నిటికంటే పెద్ద పద్దు సిబ్బందికి ఇచ్చే గ్రాట్యుటీ, అంటే టిప్పు. ఓడను బట్టి తలకు రాత్రికి 16 నుంచి 20 డాలర్లు, పిల్లలకు కూడా. 18 డాలర్ల చొప్పున మీ నలుగురికి 4 రాత్రులకు 288 డాలర్లు, అంటే 25,920 రూపాయలు. ఏజెంటు ఇచ్చిన రసీదులో ‘గ్రాట్యుటీ కలిపి’ అని ఉందేమో ఈ వారమే చూడండి. ఉంటే మీ అవసరం 43 వేల నుంచి 16 వేలకు దిగుతుంది. నోటిమాట నమ్మకుండా ఈమెయిల్‌లో రాయించుకోండి.

మిగతాది వైఫైకి 25 డాలర్లు, ఒక ఫొటో ప్రింటుకు 25, కూల్‌డ్రింకులు, జ్యూసులకు 40, బాబు గేములకు 20, మీకు నచ్చిన ఒక సరదాకు 60. గ్రాట్యుటీతో కలిపి 458 డాలర్లు, 41,220 రూపాయలు. చాలా క్రెడిట్ కార్డులు విదేశీ ఖర్చు మీద 3.5 శాతం, దానిపై జీఎస్టీ వేస్తాయి, అది ఇంకో 1,700. మొత్తం 43 వేలు.

సముద్రంలో ఉండే రోజు కార్యక్రమాల కాగితం ముందురోజు రాత్రే గదికి వస్తుంది, లేదంటే ఓడ యాప్‌లో ఉంటుంది. పెన్ను పట్టుకుని నలుగురూ కూర్చోండి. డాలర్ గుర్తు, ‘ఫీజు వర్తిస్తుంది’ అన్న మాట ఉన్నవాటికి సున్నా చుట్టండి. స్పా వాళ్ల నడుంనొప్పి ప్రసంగం, నగల మీద ఉపన్యాసం ఉచితమే, కానీ అవి సరుకు అమ్ముకోవడానికి పెట్టినవి. ఈత కొలను, థియేటర్ షో, బఫే, పెద్ద డైనింగ్ హాల్ టికెట్లోనే వస్తాయి. బఫేలో గ్లాసు నీళ్లు, టీ, మామూలు కాఫీ ఊరికే ఇస్తారు. గదిలో బల్లమీద పెట్టిన నీళ్ల సీసా మూత తిప్పితే మాత్రం బిల్లు పడొచ్చు. మసాజ్ చేయించుకోవాలని ఉంటే ఆ రోజు మానుకోండి. ఓడ రేవులో ఉన్న రోజు అదే మసాజ్‌కు తరచూ తగ్గింపు ఇస్తారు.

డ్రింక్ ప్యాకేజీ (ముందే రోజుకింత అని కట్టి మద్యం, ఇతర పానీయాలు తాగే పద్ధతి) గురించి మీవారితో ముందే మాట్లాడండి. చాలా ఓడల్లో ఒక గదిలో ఒకరు తీసుకుంటే ఆ గదిలోని పెద్దవాళ్లందరూ తీసుకోవాలి, అదీ ప్రయాణం మొత్తానికి. రోజుకు 70 డాలర్లు, 18 శాతం సర్వీస్ ఛార్జి అనుకుంటే ఇద్దరికి 4 రోజులకు 660 డాలర్లు, 59 వేల పైచిలుకు. ఎప్పుడైనా ఒకటి రెండు తాగే మనిషికి విడిగా కొనుక్కోవడమే చౌక.

ఎక్కువ ఇళ్లల్లో లెక్క తప్పేది పిల్లల కార్డు దగ్గర. గేముల గదిలో గీకిన ప్రతిసారీ 2, 3 డాలర్లు పోతుంటాయి, గంటలో ఎంతయిందో పిల్లాడికే తెలియదు. ఓడెక్కగానే రిసెప్షన్‌కు వెళ్లి బాబు కార్డు మీద ఖర్చు నిలిపేయమనండి, లేదా పరిమితి పెట్టమనండి. అక్కడే మీ బిల్లు రోజూ రాత్రి చూసుకోవచ్చు, యాప్‌లోనూ కనిపిస్తుంది. మీరు తాగని కాఫీ పడితే ఆ రాత్రే చెప్పండి. చివరి ఉదయం ఆ క్యూలో నిలబడి వాదించడానికి టైముండదు.

ఖాతాకు క్రెడిట్ కార్డే జతచేయండి. ఫారెక్స్ కార్డో (ముందే విదేశీ డబ్బు నింపుకునే కార్డు), డెబిట్ కార్డో ఇస్తే ఓడవాళ్లు ముందుగా కొంత సొమ్ము పట్టి ఉంచుతారు, దిగాక కూడా రోజుల తరబడి అది మీ చేతికి రాదు. కార్డులో అంతర్జాతీయ వాడకం బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకుని, పరిమితి లక్షకు పెట్టండి. అది వైద్యం కోసం, షాపింగ్ కోసం కాదు. ‘రూపాయల్లో తీసుకోమంటారా’ అని అడిగితే వద్దని, ఓడ కరెన్సీలోనే తీసుకోమనండి. రూపాయల్లో అంటే వాళ్లేసే రేటు మీకు గిట్టదు.

ఓడ కదలగానే నలుగురి ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. సింగపూర్ కోసం తీసుకున్న మామూలు రోమింగ్ ప్యాక్ నడిసముద్రంలో ఓడ నెట్‌వర్క్‌కు పనిచేయదు, మోత తప్పదు. వైఫై ఒక్క ఫోనుకు చాలు. ఒకరు లాగౌట్ అయితే మరొకరు వాడుకోవచ్చు.

మీ అత్తమ్మకు క్రూయిజ్ కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పకుండా తీసుకోండి. బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి, దాస్తే క్లెయిము తిప్పికొడతారు. ఓడ డాక్టరు ఫీజే 100 డాలర్లు దాటొచ్చు, అదీ మీ ఖాతాలోనే పడుతుంది. ముందు మీరు కట్టి, వివరంగా రాసిన బిల్లు, డాక్టరు చీటీ తెచ్చుకుని తర్వాత క్లెయిము చేయాలి. కడుపులో తిప్పకుండా మాత్రలు మీ డాక్టరునడిగి ఇక్కడే కొనుక్కోండి, తిప్పడం మొదలవకముందే వేసుకోవాలి. ఇంట్లో వండిన తిండి చాలా ఓడల్లోకి రానివ్వరు, సీలు వేసిన కారప్పొడి ప్యాకెట్లకు సాధారణంగా అభ్యంతరం చెప్పరు. ఆమెది శాకాహారమైతే ఆ మాట ఏజెంటుతో ఇప్పుడే చెప్పించండి.

ప్రొద్దుటూరు వాళ్లకు బంగారం గురించి చెప్పక్కర్లేదు గానీ, ఓడలో బల్లలు పరిచి అంగుళాల లెక్కన అమ్మే గొలుసులు పూత పూసినవి. తూకం, క్యారెట్ అడిగి చూడండి. నిజమైన నగ కొన్నా, విదేశంలో ఏడాదికి పైగా ఉన్నవాళ్లకిచ్చే సుంకం మినహాయింపు మీకు రాదు.

ఇంకొక్కటి. ప్యాకేజీ కట్టినప్పుడు ఏజెంటు టీసీఎస్, అంటే ముందుగా వసూలు చేసే ఆదాయపన్ను, పట్టుకుని ఉంటాడు. ఎవరి పాన్ మీద పట్టాడో కనుక్కుని, అది 26ఏఎస్‌లో (ఆ పాన్ మీద జమైన పన్నుల పట్టికలో) కనిపిస్తోందో లేదో చూడండి. కట్టాల్సిన పన్నులో సర్దుకోవచ్చు, లేదంటే రిటర్నులో వాపసు అడగొచ్చు. పాన్ మీ అత్తమ్మదైతే, ఆమెకు పన్ను పడకపోయినా ఆ సొమ్ము కోసం డబ్బు కట్టిన ఆర్థిక సంవత్సరానికి రిటర్ను వేయాల్సిందే.