మట్టి కోర్టుకు సామాను గది ఎంత ఉండాలి?

ప్రశ్న: మా పాఠశాల ఆవరణలో ఎర్రమట్టి టెన్నిస్ కోర్టు ఒకటి వేయించబోతున్నాము. రోలరు, వల, చీపుళ్లు, మట్టి, సున్నం పెట్టుకోవడానికి మెట్ల కింద మిగిలిన ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గల చోటును ఇంజనీరు గారు చూపించారు. అది సరిపోతుందా?
– ఒక వ్యాయామోపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: సరిపోదండి. ఆ గదిలో రోలరు పట్టినా దాన్ని బయటికి తీయడానికి ఇద్దరు మనుషులు అరగంట కష్టపడవలసి వస్తుంది. తీయడం కష్టమైన రోలరును వారం తిరగకముందే ఎండకు, వానకు బయటే వదిలేస్తారు. కాబట్టి మిగిలిన చోటులో గదిని సర్దుకోవడం కాకుండా, అన్నిటికన్నా పెద్ద వస్తువైన రోలరును ముందుగా కొలిచి, దాని చుట్టూ గదిని గీయించండి. పిడితో కలిపి దాని పొడవు ఎంతో, అది మలుపు తిరగడానికి ఎంత చోటు కావాలో నేల మీద సుద్దతో గీసి చూసుకుంటే కాగితం మీద కనిపించని ఇబ్బంది అప్పుడే బయటపడుతుంది.

ఒక్క కోర్టుకైతే పద్నాలుగడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల గది ఉండాలని నా అభిప్రాయం. రెండు రెక్కల తలుపు పెట్టించి, తెరిచినప్పుడు కనీసం ఐదడుగుల దారి ఉండేలా చూడండి. గడప మాత్రం పెట్టించవద్దు. గడప లేని ద్వారం మన పెద్దలకు మనసొప్పదని తెలుసు, కానీ అంత బరువైన రోలరును రోజూ గడప దాటించడం అయ్యే పని కాదు. వాన నీరు లోపలికి రాకుండా నేలను అరడుగు ఎత్తు చేయించి, ముందు వాలుగా సిమెంటు ర్యాంపు పోయించండి.

గదిలో ఎక్కువ చోటు ఆక్రమించేది మట్టి. ఆట గీతల బయట పరుగెత్తే చోటు కూడా కలుపుకుంటే టెన్నిస్ కోర్టు సుమారు 120 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు ఉంటుంది. దాని మీద ఒక్క మిల్లీమీటరు మందాన మట్టి పరచాలన్నా దాదాపు 24 ఘనపుటడుగుల మట్టి కావాలి. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున ఒక మూల ఇటుకతో తొట్టి కట్టిస్తే 36 ఘనపుటడుగులు నిలవ ఉంటుంది. వానాకాలంలో కొట్టుకుపోయిన చోట్లను ఎప్పటికప్పుడు పూడ్చుకోవచ్చు. ఆ మట్టిని ఎండబెట్టి, జల్లించి నింపండి, ఎందుకంటే తడి మట్టి జల్లెడలో దిగదు. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ. అది వానకు ఉబ్బి, ఎండకు నెరియలు విచ్చుతుంది. చేతికందిందని ఆ మట్టిని ఎర్రమట్టిలో కలిపితే కోర్టు చెడిపోతుంది, కనుక తొట్టిలో వేరే మట్టి పోయకుండా పనివారికి గట్టిగా చెప్పండి. గది పునాదికీ అదే జాగ్రత్త కావాలి: పైనున్న రేగడిని తీయించి గ్రావెల్ నింపకపోతే నేల బీటలు వారి, తలుపులు పట్టేస్తాయి.

కర్రలున్న సామాను, వల గోడకు కొక్కేలతో వేలాడదీయండి. సున్నం బస్తాలను నేల మీద కాకుండా కడప రాయి అరల మీద ఉంచాలి. తేమ తగిలితే గడ్డ కడుతుంది. నీటి కొళాయిని గదికి, కోర్టు గేటుకు మధ్య పెట్టించండి, ఎందుకంటే మట్టిని తడిపి, ఆ తడి కాస్త ఆరి, కాలికి అంటుకోని స్థితిలో రోలరు తిప్పాలి. గొట్టం ఒక చోట, రోలరు మరొక చోట ఉంటే ఆ సమయం దాటిపోతుంది.

ప్రశ్న: మా అపార్టుమెంటు హాలులో బ్యాడ్మింటన్ ఆడుకోవడానికి పరిచే వినైల్ మ్యాట్లు, బయటి సింథటిక్ కోర్టు వేయగా మిగిలిన రంగు డబ్బాలు ఉన్నాయి. వాటిని సెల్లారులో పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: సెల్లారు వద్దండి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీరు మీ ప్రాంతాన్ని ముంచినప్పుడు ఏమైందో మీకే బాగా తెలుసు. హాలు మొదటి అంతస్తులో ఉంటే అదే అంతస్తులో చోటు చూడండి, లిఫ్టులో పట్టని చుట్టలను మెట్ల మీదుగా మోయవలసిన పని ఉండదు. మ్యాట్లను తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, మడత పెట్టకుండా లావుపాటి గొట్టానికి చుట్టి, పడుకోబెట్టి ఉంచాలి. నిలబెడితే అంచులు వంగుతాయి. రంగు డబ్బాలను రేకుల కప్పు కింద పెట్టవద్దు. మన వేసవి వేడికి లోపలి రంగు చిక్కబడి పనికిరాకుండా పోతుంది. మూత బిగించి, రంగు పేరు, తెరిచిన తేదీ డబ్బా మీద రాసి, నీడగా గాలి ఆడే గదిలో ఉంచితే, కోర్టు మీద పెచ్చు లేచిన చోట అదే రంగుతో సరిచేయించుకోవచ్చు.