టేపరు కోణం కొలిచే పద్ధతి గురించి మేనల్లుడికి

నరసాపురం

చిరంజీవి మేనల్లుడికి మేనమామ ఆశీస్సులు.

పాలకొల్లులో నీవు చేరిన వర్క్‌షాపుకు పడవల ప్రొపెల్లర్ షాఫ్టులు వస్తున్నాయని, వాటి టేపరును, అంటే చివరికి సన్నబడే వాలును, వెర్నియర్ ప్రొట్రాక్టరు అనే కోణమాపకంతో చూసి లేత్ మీద నుంచి దించుతున్నానని రాశావు. ఆ మాట చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

ఆ ప్రొట్రాక్టరు 5 నిమిషాలకు తక్కువ చూపదు (కోణంలో నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు, సెకను అందులో అరవయ్యో వంతు). 100 మిల్లీమీటర్ల టేపరు మీద 5 నిమిషాల తేడా వచ్చిందంటే, చివర వ్యాసంలో సుమారు 0.145 మిల్లీమీటర్ల తేడా వచ్చినట్టే. పనిలో చేరిన తొలి ఏళ్లలో నేనూ అలాగే ఒక షాఫ్టును దించాను. అంతర్వేది వైపు వేటకు వెళ్లిన ఆ పడవ కొద్ది రోజులకే తిరిగి వచ్చింది. ప్రొపెల్లర్ విప్పి చూస్తే, టేపరు లావు చివర వేలెడు వెడల్పున మాత్రమే మెరుగు పడి ఉంది, మిగిలిన భాగం అసలు తగలలేదు. బరువంతా కీ మీద, అంటే ప్రొపెల్లర్ జారకుండా గాడిలో పెట్టే ముక్క మీద పడి, దాని గాడి నోరు తెరుచుకుంది. ఆ తప్పు పూర్తిగా నాదే.

కాబట్టి కోణాన్ని డిగ్రీల గీతల మీద చదవడం మాని, ఎత్తుగా మార్చి కొలువు. రెండు చివర్లా రోలర్లున్న ఉక్కు పట్టీ, సైన్ బార్, చేసే పని అదే. రోలర్ల కేంద్రాల మధ్య దూరం 200 మిల్లీమీటర్లున్న బార్‌కు ఒక రోలరు కింద పెట్టే ఎత్తును 200తో భాగిస్తే, నీకు కావలసిన కోణపు సైన్ విలువ రావాలి. 1:10 టేపరుకు, అంటే 10 మిల్లీమీటర్ల పొడవుకు వ్యాసం 1 మిల్లీమీటరు తగ్గేదానికి, మొత్తం కోణం 5 డిగ్రీల 43 నిమిషాల 29 సెకన్లు, ఎత్తు 19.95 మిల్లీమీటర్లు. 1.45, 8.5, 10 మిల్లీమీటర్ల స్లిప్ గేజీలు, అంటే కచ్చితమైన మందమున్న ఉక్కు దిమ్మెలు, మూడు కలిపితే సరిగ్గా అంతే వస్తుంది.

షాఫ్టు పొడవైనది కనుక దాన్ని బార్ మీద పెట్టలేవు. ముందు షాఫ్టుకు వాడబోయే సెట్టింగులోనే ఒక చిన్న ప్లగ్గును, అంటే నమూనా ముక్కను, లేత్ మీద తిప్పి చెక్కు. లేత్ మీద టూలును వాలుగా నడిపే కాంపౌండ్ స్లైడును సగం కోణానికి, అంటే 2 డిగ్రీల 51 నిమిషాల 45 సెకన్లకు తిప్పాలి. మొత్తం కోణానికి తిప్పి టేపరును రెట్టింపు చేసినవారిని చాలామందిని చూశాను. స్లైడు మీది గీతలను నమ్మకుండా, లేత్ సెంటర్ల మధ్య వంకరలేని మాండ్రెల్‌ను (ఒకే మందమున్న గుండ్రటి కడ్డీని) పెట్టి, స్లైడుకు డయల్ (సన్నని ఎత్తు తేడాలు చూపే ముల్లు గేజీ) బిగించి 50 మిల్లీమీటర్లు నడుపు, డయల్ 2.497 మిల్లీమీటర్లు చూపాలి. టూలు మొన సెంటరు ఎత్తులోనే ఉండాలి, లేకపోతే టేపరు గీత వంగుతుంది.

ప్లగ్గును లావు చివర కిందికి వచ్చేలా సైన్ బార్ మీద ఉంచి, పైగీత వెంట డయల్‌ను 80 మిల్లీమీటర్లు నడుపు. సన్న చివర 0.02 మిల్లీమీటర్లు ఎక్కువ చూపితే కోణం సుమారు 52 సెకన్లు తక్కువైందని అర్థం. అది మొత్తం కోణం కనుక, అందులో సగం, అంటే సుమారు 26 సెకన్లు, స్లైడు సరిచేసి మళ్లీ చెక్కు. సంతృప్తి కలిగాక స్లైడును కదపకుండానే షాఫ్టు చెక్కు.

స్లిప్ గేజీల విషయంలో నాకు బెంగ ఎక్కువ. మన ఉప్పుగాలికి, వేలి చెమటకు, వాటి మీద ఒక్క రాత్రిలో తుప్పు చుక్క పడుతుంది. స్పిరిట్‌తో తుడిచి, ఒకదానిపై ఒకటి అడ్డంగా ఉంచి, మెల్లగా నొక్కుతూ తిప్పి అతికించు. పని అయ్యాక వెంటనే విడదీసి వేజలిన్ రాయి. అతికిన గేజీలను రాత్రంతా అలాగే వదలవద్దు. వేడి గురించి కూడా ఒక మాట. రోహిణి కార్తెలో షెడ్డంతా వేడెక్కినా, ఉక్కు బార్, ఉక్కు గేజీలు ఒకే వేడిలో ఉంటే నిష్పత్తి మారదు కనుక కోణం చెడదు. గేజీలను అరచేతిలో ఎక్కువసేపు పట్టుకున్నా, లేత్ నుంచి దించిన వేడి ప్లగ్గును వెంటనే పెట్టినా చెడుతుంది. కనీసం గంటసేపు అన్నిటినీ ఒకే రాతి పలక మీద ఉండనివ్వు.

45 డిగ్రీలు దాటిన కోణాలకు సైన్ బార్ వాడవద్దు. ఎత్తులో జరిగిన అదే చిన్న తప్పు 60 డిగ్రీల దగ్గర కోణంలో, సున్నా దగ్గరి కంటే రెట్టింపుగా కనిపిస్తుంది.

ఈసారి షాఫ్టును దించకముందే టేపరు మీద, తాకిన చోటు చూపే నీలం రంగు పలుచగా రాసి, ఆ పడవ ప్రొపెల్లర్‌నే తొడిగి కొద్దిగా తిప్పి తీయి. నీలం ఏ చివర, ఎంత మేర అంటిందో స్కేలుతో కొలిచి నాకు రాయి.

ఇట్లు,
మీ మేనమామ