‘అమెరికన్’ అన్నందుకే అనుమానం

ప్రశ్న: 1971లో అమెరికాలో విమానం హైజాక్ చేసి, డబ్బుతో పారాషూట్ కట్టుకుని దూకేసిన డాన్ కూపర్‌ని కెనడావాడంటారు. ఎందుకండీ?
– ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: డబ్బు అడిగిన తీరు వల్లనమ్మా. 2 లక్షల డాలర్లు కావాలంటూ కిందికి చేరిన కబురులో ‘చెల్లుబాటయ్యే అమెరికన్ కరెన్సీ’ అని ఉంది. పోర్ట్‌లాండ్‌లో ఎక్కి సియాటెల్ వెళ్లేవాడు ‘అమెరికన్’ అని ఎందుకంటాడు? కెనడాలోనూ డాలరే కాబట్టి, అక్కడివాడైతే విడమరుస్తాడు. యాస కూడా తేడాగా లేదట, కెనడావాడైతే అదీ కుదురుతుంది.

నేను 26 ఏళ్లు బ్యాంకు క్యాష్ కౌంటర్లో కూర్చున్నా. ‘ఇండియా డబ్బులివ్వండి’ అన్నవాడు ఒక్కడే. దుబాయ్ నుంచి అప్పుడే దిగిన కోనసీమ కుర్రాడు, చేతిలో దిర్హమ్‌ల కట్ట. పాస్‌పోర్టు మాత్రం మనదే! కాబట్టి ఆ మాట మనిషి ఎక్కడ మసిలాడో చెబుతుంది గానీ, ఏ దేశస్థుడో చెప్పదని నా లెక్క.

అసలు అది అతని నోటి మాటేనా? ఎయిర్‌హోస్టెస్ నుంచి పైలట్‌కి, అక్కణ్నుంచి నేల మీదికి వచ్చేసరికి ఎవరో అతికించి ఉండొచ్చు. పెళ్లి కబుర్లే మూడు నోళ్లు దాటితే ముహూర్తం మారిపోతుంది.

నన్ను ఎక్కువ ఊరించేది పేరు. డాన్ కూపర్ అనే కెనడా వైమానిక దళ పైలట్ హీరోగా ఫ్రెంచిలో బొమ్మల కథలు అప్పటికే వస్తున్నాయి.