వెన్నుపాము దెబ్బతింటే ఉద్యోగం పోతుందా?

సర్వీసులో ఉండగా వెన్నుపాముకు గాయమై వీల్‌చైర్‌కు పరిమితమైతే తీసేస్తారా అని అడిగారు. ప్రభుత్వోద్యోగమైతే తీసేయకూడదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం హోదా కూడా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే పే స్కేలుతో వేరే పోస్టుకు మార్చాలి. అదీ కుదరకపోతే తగిన పోస్టు దొరికేదాకా, లేదా రిటైరయ్యేదాకా, అదనపు పోస్టులో ఉంచాలి. అందుకే ఎవరో అన్నారని కంగారుపడి రాజీనామా రాసివ్వకండి. ప్రైవేటు కంపెనీలకు మాత్రం ఈ నిబంధన వర్తించదు.

ఏళ్ల తరబడి నిలదొక్కుకోవడం వేరే సంగతి. పని చేతనైనవాళ్లు కూడా వీల్‌చైర్ పట్టని బాత్రూం వల్లో, కదలకుండా కూర్చుంటే పడే పుండ్ల వల్లో మానేస్తుంటారు. బాత్రూంకి వెళ్లలేక నీళ్లు తాగడం తగ్గించేవాళ్లూ ఉంటారు; దాంతో మూత్రంలో ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. మళ్లీ చేరేముందు ఆఫీసుకెళ్లి అక్కడి బాత్రూం తలుపు వెడల్పు కొలిపించుకోండి. అరగంటకోసారైనా ఒళ్లు కాస్త పైకెత్తి, బరువు మార్చి కూర్చోండి.