సమాధానం: ఛార్జ్ ఉన్న బ్లాక్ హోల్‌కి క్రిటికల్ పాయింట్ ఎందుకు రావట్లేదు?

తమ్ముడూ, అమలాపురంలో కరెంటు పోయినా సెల్ లైటులో లెక్క చేశావంటే ముచ్చటేసింది. ఛార్జ్ ఉన్న యాంటీ డి సిట్టర్ (నెగెటివ్ వంపు ఉన్న స్పేస్‌లోని) బ్లాక్ హోల్‌కి క్రిటికల్ పాయింట్, అంటే చిన్న, పెద్ద బ్లాక్ హోల్‌ల మధ్య తేడా చెరిగిపోయే బిందువు, రావట్లేదన్నావు కదా, నీ రెండో లైను చూడు. విద్యుత్ పొటెన్షియల్‌ని స్థిరంగా పెట్టావు. అప్పుడు కింది సూత్రంలోని చివరి పదం వెళ్లి రెండో పదంలో కలిసిపోతుంది, ఇక మొదటి, రెండో డెరివేటివ్‌లు రెండూ ఒకేచోట సున్నా అయ్యే బిందువే ఉండదు. స్థిరంగా ఉంచాల్సింది ఛార్జ్‌ని:

పీ = టీ/వీ − 1/(2πవీ²) + 2క్యూ²/(πవీ⁴)

ఇక్కడ పీ పీడనం, టీ ఉష్ణోగ్రత, క్యూ ఛార్జ్. వీ అంటే మొత్తం ఘనపరిమాణం కాదు, హొరైజన్ (బ్లాక్ హోల్ అంచు) వ్యాసార్థానికి రెట్టింపు. చాలామంది తడబడేది ఇక్కడే. టీని కదపకుండా వీతో రెండుసార్లు డెరివేటివ్ తీసి, రెండింటినీ సున్నా చెయ్యి. క్రిటికల్ పాయింట్ దగ్గర హొరైజన్ వ్యాసార్థం √6 క్యూ, పీడనం 1/(96πక్యూ²) వస్తాయి. అక్కడ పీవీ/టీ సరిగ్గా 3/8, అచ్చం వాండర్‌వాల్స్ వాయువుదే (అణువుల పరిమాణం, ఆకర్షణ లెక్కలోకి తీసుకునే వాయు నమూనా)! 2012లో భౌతిక శాస్త్రవేత్తలు కుబిజ్నాక్, మాన్ చూపించిన ఈ ఫలితం నాకు ఎంతిష్టమో. తర్వాత పీడనాన్ని దానికంటే తగ్గించి గిబ్స్ ఎనర్జీ (ఏ స్థితి స్థిరంగా ఉంటుందో చెప్పే శక్తి) ఉష్ణోగ్రతతో ఎలా మారుతుందో గ్రాఫ్ గీయి. గీత తనని తానే ఖండించుకున్న చోట చిన్న బ్లాక్ హోల్ పెద్దదిగా మారుతుంది. రాకపోతే ఇక్కడే పెట్టు, చూస్తాను.